తీగ కట్టిన నాటి నుండి తీగ తీసిన తరువాతి వరకు

(చెన్నై మహానగరంలోని తెలుగు కుటుంబాల కొరకు చేసిన ప్రసంగపాఠం)



తెలుగువారి ఇళ్ళలో "పళ్ళకు క్లిప్పులు" అనే దానికి చెన్నపట్టణంలో తరచుగా వినిపించే పేరు "కంబి". ఊరి నుండి కొత్తగా వచ్చిన తల్లితో దంతవైద్యుడు పిల్లవాడి పళ్ళకు కంబి వేయాలని తమిళంలో చెబితే, ఆమెకు ఇనుప కమ్మి గుర్తుకు వచ్చి గుండె ఝల్లుమంటుంది. "ఈరు" వాచిందని ఆయన అంటే చిగురు వాచిందని అర్థం. తెలుగు చెవికి అది తలలోని ఈర్ల సంగతిగా తోస్తుంది. ఇటువంటి తికమకలు నవ్వుకుంటే పోయేవే. అయితే రెండు సంవత్సరాల పాటు నడిచే చికిత్సలో వైద్యుడు చెప్పినది సగమే బోధపడితే కలిగే నష్టం నవ్వుతో పోదు. మొదటి సంప్రదింపునకు తమిళం బాగా తెలిసిన బంధువునో పొరుగువారినో వెంట తీసుకువెళ్ళడం మేలు. బడిలో తమిళం చదువుకుంటున్న పిల్లవాడినే దుబాసిగా నిలబెట్టడం చాలా ఇళ్ళలో అలవాటు. కాని చర్చ ఆ పిల్లవాడి నోటిని గురించే అయినప్పుడు, తనకు ఇష్టం లేని మాటను వాడు చల్లగా మింగివేయగలడు.

పంటి చికిత్సలలో ఇది తక్కినవాటి వంటిది కాదు. పుచ్చిన పన్నును పూడ్చడం ఒక పూట పని. పన్ను తీయడం అంతకంటె తక్కువ. తీగల చికిత్సకు సాధారణంగా పద్దెనిమిది నుండి ఇరవైనాలుగు నెలలు పడుతుంది. కొందరికి అంతకు మించి కూడా. ఇంత కాలం ఎందుకని అడిగేవారికి సమాధానం దవడ ఎముకలోనే ఉన్నది. పన్ను ఎముకలో మేకు వలె దిగబడి ఉండదు. వేరుకు, ఎముకకు మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. తీగ ద్వారా పంటిమీద స్వల్పమైన ఒత్తిడి నిలకడగా పడినప్పుడు, పన్ను జరుగవలసిన వైపున ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది. వెనుక ఏర్పడిన ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. ఈ విధంగా పన్ను కదిలేది నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. బలం పెంచితే వేగం పెరుగుతుందనుకోవడం సరికాదు. అతిగా బిగిస్తే వేరు కొసలు అరిగిపోయే ప్రమాదమున్నది. పెళ్ళిచూపులకు ఆరు నెలల ముందు క్లినిక్కుకు వెళ్ళి, ఆరు నెలలలోనే అంతా సరిచేయాలని పట్టుబట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆరు నెలలలో నవ్వినప్పుడు కనిపించే ముందుపళ్ళ వరుస కొంత చక్కబడవచ్చు. దవడపళ్ళ కలయిక మాత్రం అట్లాగే ఉండిపోతుంది.

ఈ విద్యకు చరిత్ర చిన్నది కాదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియర్ ఫొషార్ 1728లో వెలువరించిన గ్రంథంలో వంకర పళ్ళను లోహపు పట్టీకి దారాలతో కట్టే పద్ధతి ఉన్నది. అమెరికాలో ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో పళ్ళ కలయికలోని లోపాలను తరగతులుగా విభజించాడు. ఆ విభజన నేటికీ వైద్యుల చీటీలలో కనిపిస్తుంది. చాలా కాలం ప్రతి పంటికీ ఒక లోహపు కడియం తొడిగేవారు. పంటి పింగాణీ మీద ఆమ్లంతో సూక్ష్మమైన గరుకుదనం కలిగిస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని 1955లో బ్యూనొకోర్ చూపిన తరువాతనే నేటి చిన్న బ్రాకెట్టు నేరుగా పంటిమీద అంటింది. చెన్నైలో మద్రాసు వైద్య కళాశాలకు అనుబంధంగా దంతవైద్య విభాగం 1953లో ఆరంభమైంది. అదే నేటి తమిళనాడు ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి. పార్క్ టౌన్ ప్రాంతంలో కోట రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉన్న ఈ ఆసుపత్రిలో దంతాల సవరణకు ప్రత్యేక విభాగమున్నది. ప్రయివేటు క్లినిక్కు ఖర్చు భరించలేని కుటుంబాలు ముందుగా అక్కడ విచారించవచ్చు. వేచి ఉండవలసి రావచ్చు. ప్రతిసారీ ఒక పూట పని పోవచ్చు. కూలి మీద బ్రతికే ఇంటికి ఆ పూట చిన్నది కాదు గనుక, ఎన్నిసార్లు రావలసి ఉంటుందో మొదటనే అడగడం న్యాయమైన ప్రశ్నే.

పళ్ళ వరుస చెడడానికి కారణాలు అనేకం. దవడ చిన్నది, పళ్ళు పెద్దవి కావడం వంశపారంపర్యంగా వచ్చేది. బొటనవేలు చీకే అలవాటు అయిదారేళ్ళు దాటినా మానకపోవడం, ముక్కు దిబ్బడ వల్ల నోటితో ఊపిరి తీయడం, పాలపళ్ళు పుచ్చి ముందుగానే ఊడిపోవడం, ఇవన్నీ కారణాలే. "పాలపళ్ళే కదా, ఎట్లాగూ ఊడిపోయేవే" అనే మాట ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. పాలపన్ను తన కింద పెరిగే పంటికి చోటు కాపలా కాస్తుంది. కాపలా లేని చోటును పక్క పన్ను ఆక్రమిస్తుంది. అందువలన ఏడేళ్ళ వయసుకు ఒకసారి దవడను చూపించమని అమెరికా దేశపు దంతసవరణ నిపుణుల సంఘం సలహా ఇస్తున్నది. చూపించడమంటే వెంటనే తీగ కట్టించడం కాదు. చాలామంది పిల్లలకు అసలు పని పన్నెండేళ్ళ ప్రాంతంలో మొదలవుతుంది. పెద్దవారికీ ఈ చికిత్స చేయవచ్చు. వయసు అడ్డు కాదు, చిగుళ్ళ వ్యాధి అడ్డు. మధుమేహం అదుపులో లేనివారు, పొగాకు నమిలేవారు ముందు ఆ సంగతి చక్కదిద్దుకొని రావలసి ఉంటుంది.

చోటు చాలనప్పుడు నాలుగు పళ్ళు తీయాలని వైద్యుడు చెప్పవచ్చు. పై పన్ను పీకితే కంటిచూపు మందగిస్తుందనే భయం తెలుగు, తమిళ ఇళ్ళలో సమానంగా ఉన్నది. పంటికి, చూపుకు ఆ సంబంధం లేదు. అయితే పళ్ళు తీయకుండా చోటు చేసే మార్గమున్నదా అని అడగడంలో తప్పు లేదు. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు.

ఇక తెలుగువారికి ప్రత్యేకించి చెప్పవలసిన విషయం ఒకటున్నది. అది నీటికి సంబంధించినది. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెన్రీ షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఒక వ్యాధిని పరిశీలించి వైద్య పత్రికలలో ప్రకటించారు. పళ్ళమీద గోధుమరంగు గారలు, కీళ్ళు బిగుసుకొని నడుము వంగిన మనుషులు. కారణం బావినీటిలోని ఫ్లోరైడు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించిన తొలి నివేదికలు ఇవే. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో చేరాయి. తరువాత దానికి ప్రకాశం పేరు వచ్చింది. తెలంగాణలో నల్గొండ జిల్లా గ్రామాలది ఇదే గాథ. ఈ ప్రాంతాల నుండి చెన్నైకి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. అంటే ఆ నీటి వలన కలిగిన మార్పును తొలిసారి శాస్త్రీయంగా వివరించిన నగరానికే, ఆ నీరు తాగి పెరిగిన పళ్ళు నేడు తీగ కట్టించుకోవడానికి వస్తున్నాయి.

దీనికీ తీగలకూ సంబంధమేమిటి? శాశ్వత దంతాల పింగాణీ దవడలో తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసులో ఫ్లోరైడు అధికంగా ఉన్న నీరు తాగితే పింగాణీ నిర్మాణం మారుతుంది. ఆ తరువాత నగరానికి వచ్చి శుద్ధిచేసిన నీరు తాగినా మచ్చ పోదు. మచ్చలు బలంగా ఉన్న పింగాణీ మీద ఆమ్లం సరిగా పనిచేయదు. జిగురు పట్టు తగ్గి బ్రాకెట్టు పదేపదే ఊడుతుంది. బ్రాకెట్టు ఊడిన ప్రతిసారీ చికిత్స కొన్ని వారాలు వెనుకబడుతుంది. తల్లిదండ్రులు పిల్లవాడు గట్టివి కొరికాడని వాడిని తిడతారు. పాపం, కొన్నిసార్లు తప్పు వాడిది కాదు, బావిది. కనుక ఎనిమిదేళ్ళ లోపు ఏ ఊరి నీరు తాగారో మొదటి రోజుననే వైద్యునికి చెప్పాలి. ముందే తెలిస్తే అతడు పంటిని సిద్ధం చేసే పద్ధతిని, జిగురును తగినట్లు మార్చుకోగలడు. చికిత్సకు ముందు పళ్ళను ఛాయాచిత్రాలు తీయించి ఒక ప్రతి ఇంట్లో ఉంచుకోవాలి. ఎందుకంటే తీగ తీసిన తరువాత తెల్లమచ్చలు కనిపిస్తే అవి పాత నీటివా, చికిత్సకాలంలో శుభ్రత లోపించి వచ్చినవా అనే వివాదం తలెత్తుతుంది. చిత్రం ఉంటే వివాదం ఉండదు.

ఆ రెండవ రకం మచ్చల సంగతి వివరంగా చెప్పుకోవలసినది. బ్రాకెట్టు చుట్టూ ఆహారం నిలిచి, దానిలో సూక్ష్మజీవులు ఆమ్లం పుట్టించి, పంటిలోని ఖనిజాన్ని కరిగిస్తాయి. సుద్దముక్క రంగులో మచ్చ తేలుతుంది. శుభ్రత లేని నోటిలో ఇది నాలుగు వారాలలోనే కనబడవచ్చు. రెండేళ్ళు శ్రమించి వరుస చక్కబరచుకొన్న పళ్ళమీద, బ్రాకెట్టు తీయగానే చతురస్రాకారపు తెల్లని చట్రాలు బయటపడటం కంటె నిరాశ కలిగించేది మరొకటి లేదు. ఫ్లోరైడు అధికమైతే ఎట్లా చెరుపు చేస్తుందో ఇంతకుముందే చెప్పుకొన్నాము గనుక, టూత్‌పేస్టులోని ఫ్లోరైడు కూడా హాని చేస్తుందేమోనని కొందరు సందేహిస్తారు. మింగకుండా ఉమ్మివేసే పేస్టులోని ఫ్లోరైడు పంటిని గట్టిపరుస్తుంది. తీగలున్న కాలంలో అది తప్పనిసరి.

తోముకొనే పద్ధతి మారాలి. బ్రాకెట్టుకు పైభాగం ఒకసారి, కింది భాగం ఒకసారి, తీగ వెనుక సీసా కడిగే బ్రష్షును పోలిన బుల్లి బ్రష్షుతో మరొకసారి. రాత్రి పడుకోబోయే ముందు తోమడం ఎంతమాత్రం మానరాదు; నిద్రలో లాలాజలం తగ్గి ఆమ్లానికి అడ్డు ఉండదు. వేపపుల్ల గొప్పదే, కాని తీగలున్న నోట దానిని నమిలితే బ్రాకెట్టు ఊడుతుంది. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి వంటివి పింగాణీని అరగదీయడమే గాక తీగల సందులలో ఇరుక్కుంటాయి. చిగుళ్ళ నుండి రక్తం వస్తున్నదని తోమడం ఆపివేసేవారున్నారు. రక్తం వచ్చేది సాధారణంగా అక్కడ సరిగా తోమకపోవడం వల్లనే.

ఆహారంలో నిషేధాలు ఎక్కువేమీ కాదు గాని, అవి తెలుగువారి ప్రియమైన చోటనే తగులుతాయి. ఆవకాయ ముక్కలోని టెంక, గట్టి జంతికలు, చెగోడీలు, వేరుశనగ ఉండలు, తిరునాళ్ళలో అమ్మే జీళ్ళు, పండుగనాటి చెరకు, మాంసంలోని ఎముక, ఇవి మానవలసినవి. జామకాయను, క్యారెట్టును ముక్కలుగా కోసుకొని వెనుక పళ్ళతో నమలవచ్చు. మెరీనా తీరాన కాల్చిన మొక్కజొన్నపొత్తును నేరుగా కొరకడం వద్దు. గింజలు వలుచుకొని తినవచ్చు. తీపి పానీయాలు పగలంతా కొంచెం కొంచెంగా చప్పరించడం బిరుసు తిండి కంటె ఎక్కువ కీడు చేస్తుంది. పసుపు కలిసిన సాంబారు, పులిహోర తిన్నప్పుడు తెల్లని రబ్బరు వలయాలు పచ్చబడతాయి. అందులో హాని లేదు. పెళ్ళికో పరీక్షకో ఫోటో ఉన్నదనుకుంటే బూడిదరంగు వలయాలు వేయమని అడగవచ్చు.

తీగ బిగించిన మూడు నాలుగు రోజులు నొప్పి సహజం. మెత్తని అన్నం, పెరుగు, ఇడ్లీ, వైద్యుడు చెప్పిన మాత్ర చాలు. పెదవి లోపల గీరుకుంటే మైనం అద్దాలి, ఉప్పునీరు పుక్కిలించాలి. పొడుచుకొచ్చిన తీగను ఇంట్లో గోళ్ళ కత్తెరతో తెంపబోవడం ప్రమాదకరం. ముక్క గొంతులోకి జారవచ్చు. ఊడిన ముక్క మింగినట్లు అనుమానం కలిగి దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం చేయరాదు. పై దవడ నుండి కింది దవడకు తగిలించుకొనే రబ్బరు బ్యాండ్లు ఇచ్చినప్పుడు, తిండి, తోముకోవడం వేళలు తప్ప దినమంతా ధరించాలి. పగలు బడిలో సిగ్గుపడి తీసివేసి రాత్రి మాత్రమే పెట్టుకుంటే పన్ను ముందుకు ఒక అడుగు, వెనుకకు ఒక అడుగు వేస్తుంది.

వలస కుటుంబానికి అసలైన కష్టం ప్రయాణాలలో వస్తుంది. వేసవి సెలవులలో పిల్లలు నెలన్నర ఊరికి వెళతారు. సంక్రాంతికి పది రోజులు. ఆ మధ్యలో రావలసిన తేదీ తప్పిపోతుంది. ఊళ్ళో బ్రాకెట్టు ఊడితే చూసేవారు ఉండరు. ఊరికి బయలుదేరే వారం ముందు ఒకసారి చూపించుకొని, మైనం, బుల్లి బ్రష్షులు, క్లినిక్కు ఫోను నంబరు వెంట ఉంచుకోవాలి. అంతకంటె పెద్ద చిక్కు బదిలీ. నిర్మాణపు పని ముగిసి కుటుంబం మరో నగరానికి పోతుంది. లేక కంపెనీ ఉద్యోగిని హైదరాబాదుకో బెంగళూరుకో పంపుతుంది. నోటిలో తీగలు మిగిలిపోతాయి, తీసేవాడు మాత్రం వెనుక ఉండిపోతాడు. చికిత్స మొదలుపెట్టే ముందు రాబోయే రెండేళ్ళలో కదలవలసి వస్తుందా అని ఇంట్లో ఆలోచించుకోవాలి. వచ్చేట్లుంటే ఆరు నెలలు ఆగడం నయం. ఆగడం కుదరక బయలుదేరవలసి వస్తే, వైద్యుని నుండి చికిత్స ప్రణాళిక, మొదటి ఎక్స్‌రేలు, పళ్ళ అచ్చులు లేదా స్కాను ఫైలు, వాడిన బ్రాకెట్ల రకం, ఇప్పటివరకు చెల్లించిన సొమ్ము, జరిగిన పని వివరంగా వ్రాయించుకోవాలి. ఇవి లేకుండా కొత్త వైద్యుని వద్దకు వెళితే అతడు మొదటి నుండి లెక్కవేస్తాడు. డబ్బు ఒకేసారి ముందుగా చెల్లించడం కంటె జరిగిన పనిని బట్టి వాయిదాలలో చెల్లించడం ఇటువంటి కుటుంబాలకు క్షేమం.

వైద్యుని అర్హత అడగడం అవమానపరచడం కాదు. దంతవైద్యంలో పట్టా తరువాత మరి మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చదివినవారు ఈ విషయంలో నిపుణులు. కొన్ని క్లినిక్కులలో నిపుణుడు నెలకు రెండు రోజులే వస్తాడు. అది తప్పేమీ కాదు. తీగ బిగించేది ఎవరో తెలిసి ఉంటే చాలు. వైద్యుని ముఖం చూడకుండానే తపాలాలో తెప్పించుకొనే పారదర్శకమైన అచ్చుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అమెరికాలో ఆ వ్యాపారం చేసిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే సంస్థ 2023 డిసెంబరులో హఠాత్తుగా మూతపడినప్పుడు చికిత్స మధ్యలో ఉన్నవారు దిక్కుతోచక నిలిచిపోయారు. నిపుణుని పర్యవేక్షణలో వాడే పారదర్శక అచ్చులు వేరు. అవి చాలామందికి చక్కగా పనిచేస్తాయి, రోజుకు ఇరవై రెండు గంటలు పెట్టుకొనే నిగ్రహం ఉంటే.

చివరగా తీగ తీసే రోజు వస్తుంది. ఇంట్లో స్వీట్లు పంచుతారు. చికిత్స ముగిసిందని అందరూ అనుకుంటారు. నిజానికి అత్యధిక నష్టం జరిగేది ఇక్కడి నుండే. కొత్త ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. చిగుళ్ళలోని నారలు సర్దుకోవడానికి ఏడాది వరకు పట్టవచ్చు. అవి పంటిని పాత చోటికి లాగుతూనే ఉంటాయి. అందుకే రిటైనరు ఇస్తారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లిటిల్, సహచరులు 1981లో ప్రకటించిన అధ్యయనంలో, పళ్ళు తీసి తీగలు కట్టించుకొన్న 65 మందిని రిటైనరు మానివేసిన పదేళ్ళ తరువాత పరిశీలించగా సుమారు మూడింట రెండు వంతుల మందికి కింది ముందుపళ్ళు మళ్ళీ సంతృప్తికరంగా లేని స్థితికి చేరాయి. తీగలు ఎన్నడూ కట్టించుకోనివారి కింది పళ్ళు కూడా వయసుతో పాటు నెమ్మదిగా దగ్గరవుతాయి. జ్ఞానదంతం నెట్టడం వల్లనే ఇట్లా జరుగుతుందని చాలామంది నమ్ముతారు గాని, అది నిరూపణకు నిలవలేదు.

మొదటి నెలలలో వైద్యుడు చెప్పినంతసేపు, తరువాత రాత్రులు, ఆ రాత్రులకు ముగింపు తేదీ లేదు. ఈ మాట మొదటి రోజుననే పిల్లలకు చెప్పాలి. రిటైనరును చల్లని నీటితో, మెత్తని బ్రష్షుతో కడగాలి. వేడినీటిలో వేస్తే వంగిపోయి పనికిరాకుండా పోతుంది. కొందరికి పళ్ళ వెనుక సన్నని తీగను శాశ్వతంగా అంటిస్తారు. దాని ఒక కొస ఊడితే నొప్పి ఉండదు, తెలియదు; ఆ ఒక్క పన్ను మౌనంగా పక్కకు జరిగిపోతుంది. ఏడాదికొకసారి దానిని ప్రత్యేకంగా చూపించుకోవాలి, ఏ ఊళ్ళో ఉన్నా సరే.

రిటైనరు పోయేది ఎక్కువగా భోజనాల దగ్గర. పెళ్ళిపందిట్లో తీసి అరటాకు అంచున పెడతారు. తిన్న తరువాత ఆకు మడుస్తారు. వడ్డనవారు ఆకులన్నీ ఎత్తి తొట్టిలో పడవేస్తారు. తిరిగి చేయించుకోవడానికి డబ్బు లేక మూడు నెలలు వాయిదా వేస్తే, ఆ మూడు నెలలలో కదిలిన పళ్ళకు పాత అచ్చు సరిపోదు. పోయిన వారంలోపే వైద్యునికి ఫోను చేయాలి. చికిత్స ముగింపులో తీసిన అచ్చు లేదా స్కాను ఫైలు ఇంట్లో ఉంటే, చెన్నైలోనే కాదు, విజయవాడలోనో దుబాయిలోనో మరొకటి చేయించుకోవచ్చు. రిటైనరుతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె మీద పేరు, ఫోను నంబరు వ్రాసి, భోజనానికి కూర్చునే ముందే రిటైనరును అందులో పెట్టి జేబులోనో సంచిలోనో వేసుకోవాలి.